మూడో వంతు తగ్గిన సృష్టి

విశ్వం వయసెంత అని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళి విందులో, రైలు పెట్టెలో, డాక్టరు గది ముందు బెంచీ మీద, నేను భౌతికశాస్త్రం మనిషినని తెలిస్తే చాలు, అదే ప్రశ్న. తెలియదండీ అని కళ్ళు మూసుకుంటాను. ఇన్నేళ్ళు చదివి ఇదేనా అన్నట్టు చూస్తారు. చూసుకోనీ, నాకేం? ఆ ప్రశ్నకు ఒకసారి అంకెతో సహా జవాబు చెప్పాను. మార్కాపురంలో, ఉగాది సాయంత్రం, నలుగురి మధ్య నిలబడి చెప్పాను. దాంతో మా నాయనకు లోకంలో ఉన్న ఒక్క స్నేహితుడూ దూరమైపోయాడు.

ఆ స్నేహితుడు మా ఊరి సిద్ధాంతి. ఏటా పంచాంగం చదివి వినిపించేది ఆయనే. నాయన మెట్ట సేద్యం చేసేవాడు, సంతకం తప్ప అక్షరం రాదు. అయినా పొద్దుగూకితే ఇద్దరూ మా ఇంటి అరుగు మీదే ఉండేవాళ్ళు. విత్తనం ఎప్పుడు వేయాలి, కోడెలను ఏ రోజు తోలుకురావాలి, అన్నీ ఆయన్ని అడిగే చేసేవాడు నాయన. వాన మాత్రం ఆయన చెప్పినట్టు పడేది కాదు. "ఏం సామీ, నీ మేఘాలు యాడన్నా దోవ తప్పినాయా?" అని నాయన వెక్కిరించేవాడు. "నీ పాపం అడ్డమొచ్చి ఉంటుందిలే," అని ఆయన తిరగేసేవాడు. ఆ వెక్కిరింతలు లేకపోతే ఇద్దరికీ పొద్దు పోయేది కాదు.

జపాను వాళ్ళు బాంబులేస్తారన్న భయంతో మద్రాసు ఖాళీ అవుతున్న రోజులవి. నేను పనిచేసే కాలేజీ మూసేశారు. ట్రంకుపెట్టెతో, సగంలో ఆగిన పరిశోధనతో ఇల్లు చేరాను. విదేశీ పత్రికలు రావడం మానేశాయి, కాగితం కరువైంది. మార్కాపురంలో దేనికి కరువున్నా పలకలకు కరువా? అంచు విరిగి అమ్ముడుపోనివి పలకరాతి గని దగ్గర ఎన్నంటే అన్ని ఇచ్చేవాళ్ళు. వాటి మీద సృష్టి తొలినాళ్ళను లెక్క కడుతూ రోజంతా వసారాలో కూర్చునేవాణ్ణి. "ప్లీడరు చదువు చదివి ఉంటే కోర్టులో కుర్చీ అన్నా ఉండేది కదరా," అని అమ్మ విసుక్కునేది. విసుగు నాకూ ఉండేది. ఆ ఎండలో, ఆ రాతిదుమ్ములో, ఎంతకీ తెగని లెక్క ముందు కూర్చుంటే ఎవరికి ఉండదు?

ఒక సాయంత్రం సిద్ధాంతి అరుగు మీద నుంచే కేకేశాడు. "ఏమిరా అబ్బాయ్, సృష్టి మొదలై ఎన్నేళ్ళయిందంటారు మీ దొరలు?"

కోట్లాది నక్షత్రాలుండే నీహారికలన్నీ ఒకదానికొకటి దూరంగా పోతున్నాయనీ, ఇప్పటి వేగాన్ని బట్టి వెనక్కి లెక్క కడితే అన్నీ ఒక్కచోట ఉన్న కాలం సుమారు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట వస్తుందనీ చెప్పాను. యథాలాపంగా చెప్పి మళ్ళీ పలక అందుకున్నాను. సిద్ధాంతి ఉలిక్కిపడి లేచాడు. కండువా జారి నేల మీద పడినా చూసుకోలేదు.

"మన పంచాంగం మొదటి పేజీలో ఏముందో తెలుసునా? సృష్టి మొదలై నూట తొంభై అయిదు కోట్ల చిల్లర! ప్రతి పూజకూ సంకల్పంలో చెప్పుకునే లెక్క అదే!"

అది కాకతాళీయమని నేను మొత్తుకున్నాను. ఎవరు వింటారు? నాయన మొహం నేనెప్పుడూ చూడనంతగా విప్పారింది. "నా కొడుకు లెక్కా, నా సామి లెక్కా ఒకటేనంట!" అని గని దగ్గర చెప్పాడు, సంతలో చెప్పాడు, ఉప్పు కొనడానికి దుకాణానికి పోయి అక్కడా చెప్పాడు. "మీవోడు మద్రాసులో ఏం వెలగబెడతాండాడు?" అని అడిగిన నోళ్ళన్నిటికీ ఒక్కసారిగా జవాబు దొరికింది. ఉగాదినాడు పంచాంగం చదివేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టి ఆ మాట చెప్పిస్తానని సిద్ధాంతి చాటాడు. నాయన నాకు కొత్త పంచె తెచ్చి పెట్టాడు.

ఉగాది దగ్గర పడేసరికి నా లెక్క తెగింది. తెగకపోయినా బాగుండేది. రెండు వందల కోట్లు కాదు, అందులో మూడో వంతు పోయి నూట ముప్పై చిల్లర మిగిలింది. మళ్ళీ మళ్ళీ చేశాను, అదే వచ్చింది. ఆ సంగతి పండగ ముందురోజు గొడ్లకు మేత వేస్తున్న నాయనతో చెప్పాను.

"ఎట్ల తగ్గుతాది రా? మొన్న ఉన్న సృష్టి ఇయ్యాల తగ్గుతాదా?"

"నాయనా, బండి మీద గోనెపట్టా కప్పినా ఎడ్ల నడక చూసి లోపల బరువెంతో నువ్వు చెప్తావు కదా?"

"చెప్తా."

"ఆకాశంలోనూ అంతే. నీహారికలు గుంపులు గుంపులుగా ఉంటాయి. అవి తిరిగే వేగం చూస్తే, కనిపించే వెలుగుకున్న బరువు ఆ గుంపును పట్టి ఉంచడానికి చాలదు. వెలుగు లేని బరువేదో చాలా ఉండాలి. ఆ బరువు దేన్నీ దూరంగా పోనివ్వకుండా వెనక్కి లాగుతుంది. అంటే బండి మొదట్లో జోరుగా వచ్చి, పోను పోను నెమ్మదించింది. ఇప్పటి నడకతో దారంతా లెక్క కడితే ఎక్కువ కాలం వస్తుంది. నిజానికి అంతకంటే తొందరగానే వచ్చేసింది."

నాయన చేతిలో మేత కింద పెట్టాడు. "అర్థమైంది," అన్నాడు. అదే నా ఖర్మ. అర్థం కాకపోయి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడు.

"ఆ కనపడని బరువును ఎవురన్నా చూసినారా?"

"ఎవరూ చూడలేదు నాయనా."

"ఉందంటావా మరి?"

"ఉండాలి. కానీ నా లెక్కలోనూ ఏదో తిరకాసు ఉంది. వేరే దేశాల్లో రాళ్ళ వయసు కొలిస్తే ఇంతకంటే ఎక్కువే వస్తోంది. తల్లి కంటే బిడ్డ పెద్దదైనట్టుంది. అదెక్కడ తప్పిందో తెలియడం లేదు."

రాళ్ళ మాట ఆయన చెవిన పడ్డట్టు లేదు. "రేపొక్క పూట కడుపులో పెట్టుకోలేవా?" అన్నాడు. అంతలోనే తనే తల అడ్డంగా తిప్పాడు. "వద్దులే. అబద్ధం చెప్పమని నా నోటితో నేను అనను," అని మళ్ళీ మేత అందుకున్నాడు.

తెల్లారి సిద్ధాంతి ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఊరంతా చాటాను కదరా నాయనా. ఇప్పటికి ఆ మాటే అను, తర్వాత దిద్దుకుందువు," అన్నాడు. అయితే నన్ను పిలవొద్దన్నాను. సరే పిలవనన్నాడు. సాయంత్రం చావిడిలో వానల సంగతి, పంటల సంగతి చదివాక ఆ జనాన్ని చూసి ఉత్సాహం ఆపుకోలేకపోయాడో ఏమో, పిలిచాడు.

లేచి నిలబడ్డాను. "ఇప్పటికి నా లెక్కలో నూట ముప్పై కోట్లే వస్తోందండీ. పంచాంగంతో కలవదు," అన్నాను.

వెనక నుంచి ఎవరో అన్నారు. "ఇట్ల తగ్గుకుంటా పోతే వచ్చే ఉగాదికి సృష్టే మిగలదు మామా!" చావిడి చావిడంతా విరగబడి నవ్వింది. సిద్ధాంతి మొహం కందిపోయింది. "దొరల చదువు ఇంతే. వీడి లెక్క వీడికే తెలియదు," అన్నాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం. నేను ఒప్పుకుని కూర్చునేవాణ్ణే. ఈలోగా నాయన లేచాడు.

"సామీ, పిల్లోడి లెక్క నేను విన్నా. నాకు అర్థమైంది. నీ పంచాంగం అంకె తప్పు. నా కొడుకు చెప్పిందే నిజం."

నేను నిజమనలేదు. ఇప్పటికి వచ్చింది అన్నాను, అంతే. ఆ తేడా కోసమే మా వాళ్ళు బతుకులు ధారపోస్తారు. నాయన దాన్ని ఒక్క మాటతో తుడిచేశాడు, నా కోసం. సిద్ధాంతి ఆయన వైపు ఎంతోసేపు చూసి, పంచాంగం మూసి, రాశిఫలాలు చదవకుండానే వెళ్ళిపోయాడు.

మళ్ళీ మా అరుగెక్కలేదు. నాయనా ఆయన గడప తొక్కలేదు. విత్తనం వేయడానికి మంచిరోజు కావాలంటే గిద్దలూరు దాకా పోయి ఎవరినో అడిగి వచ్చేవాడు. "పోయి పలకరించరాదా, ఇద్దరూ ముసలోళ్ళయితిరి," అని అమ్మ పోరేది. "నేనేమన్నా తప్పు మాట అన్నానా?" అనేవాడు. కాలేజీ తెరిచాక నేను మద్రాసు వెళ్ళిపోయాను. సెలవులకు వచ్చినప్పుడల్లా చెప్పులన్నా విడవకముందే అడిగేవాడు.

"నీ లెక్క అట్లనే ఉందా?"

"అట్లనే ఉంది నాయనా."

"ఉండాల."

ఆ 'ఉండాల' వినాలంటే నాకు భయంగా ఉండేది. నీహారికల బరువు మోయడం ఒక లెక్క, ఆ మాట బరువు మోయడం ఒక లెక్క. అలిసిపోయాను. లెక్కలో తిరకాసు కోసం ఏళ్ళ తరబడి వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. సిద్ధాంతి పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. శవం లేచేదాకా నాయన ఆ వీధి మొదట్లోనే నిలబడి, లోపలికి పోకుండా తిరిగొచ్చాడని అమ్మ చెప్పింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు విదేశాల నుంచి కబురొచ్చింది. నీహారికల దూరాలనే మొదటి నుంచీ తప్పుగా కొలిచారట. అవి అనుకున్నదానికి రెట్టింపు దూరంలో ఉన్నాయట. దూరం మారితే కాలమూ మారుతుంది. తిరకాసు నా పలకల మీద లేదు, నేను నమ్మిన కొలతల్లోనే ఉంది. నా అంకె పోయింది, దొరల అంకె పోయింది. వెలుగు లేని బరువు మాత్రం ఉందో లేదో తేలకుండా అట్లాగే ఉండిపోయింది. ఆ సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి నాయన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నీ లెక్క అట్లనే ఉందా?"

ఉందని చెప్పి లోపలికి పోవచ్చు. ఎవరు అడగబోతారు? కానీ నాకు ఆ ఓపిక కూడా లేదు.

"లేదు నాయనా. తప్పని తేలింది."

"అయితే సామి అంకె నిజమా?"

"అదీ కాదు. ఇంకా చాలా ఎక్కువంట."

తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు ప్రాణం కుదుటపడేది. తిట్టలేదు. అరుగు మీద పక్కన ఖాళీగా ఉన్న చోటును అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"అయితే ఇద్దరమూ తప్పే," అన్నాడు. "ఈ మాట వింటే సామి ఎంత నవ్వేవాడో రా. ఇప్పుడు పోయి ఎవురికి చెప్పాల నేను?"