పాంగ్ డ్రైవరు ఊపిరి సాధన

తియాన్‌జిన్‌లో హైహె నది ఒడ్డు పార్కుకి పొద్దున్నే వచ్చే పెద్దవాళ్లలో పాంగ్ వెన్‌కుయ్‌ని ఎరగనివాళ్లు లేరు. అందుకు కారణం ఆయన గొప్పతనం కాదు. ఆ ముక్క అందరికంటే ముందు ఆయనే చెబుతాడు. "నా గురించి ఎవరైనా మంచిమాట చెబితే నమ్మకండి. వాళ్లు కొత్తగా వచ్చినవాళ్లయి ఉంటారు" అంటాడు.

పాంగ్ సిటీ బస్సు డ్రైవరుగా చేశాడు. పెళ్లికి ముందు ఎక్కిన సీటు, జుట్టు నెరిసి నడుము పట్టేశాకే దిగాడు. చీకటితోనే లేచి మొదటి బస్సు తీసిన ఒంటికి రిటైరయ్యాక నిద్ర కరువైంది. పడుకుంటే కళ్లు మూతపడవు. ఎప్పుడైనా కాస్త మూతపడితే రోడ్డు మలుపులు కనబడతాయి. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన దుప్పటి పట్టుకుని గట్టిగా తిప్పేవాడు. ఆ దుప్పటి అవతలి కొస కప్పుకున్న భార్య యుజెన్ ఒక చలికాలమంతా ఓర్చుకుంది.

"ఏమయ్యా, రోజూ రాత్రంతా నన్ను ఊరు తిప్పుతున్నావు. ఇక నావల్ల కాదు" అంది ఒకనాడు పొద్దున. "పార్కులో తోంగ్ టీచరు ఊపిరి సాధన నేర్పుతుంది. మా చెల్లెలికి అక్కడికి వెళ్లాకే నిద్ర పట్టింది. రేపట్నుంచి నువ్వూ పో."

"ఊపిరి పీల్చడం కొత్తగా నేర్చుకోవాలా? పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పనే గదా."

"చేస్తున్నావు సరే. సరిగ్గా చేస్తున్నావని నీకెవరు చెప్పారు?"

పాంగ్ మర్నాడు పార్కుకి వెళ్లాడు.

తోంగ్ టీచరు ఒకప్పుడు బడిలో సంగీతం చెప్పిన మనిషి. ఎనభైకి దగ్గరపడినా నిలబడితే వెదురుకర్రలా ఉంటుంది. ఆమె నేర్పేది బాదువాన్‌జిన్. ఎనిమిది జరీ తానులని ఆ పేరుకి అర్థం. రెండు చేతులా ఆకాశాన్ని ఎత్తినట్టు చాచడం, విల్లు లాగినట్టు పక్కకి వంగడం, మెడ తిప్పి వెనక్కి చూడడం, మునివేళ్ల మీద లేచి మడమలు నేలకి దించడం, ఇలాంటివి ఎనిమిది కదలికలు. ప్రతిదానికీ తగిన ఊపిరి ఉంటుంది. అన్నీ అయ్యాక చెట్టుని కౌగిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పట్టి, మోకాళ్లు కొంచెం వంచి, కళ్లు మూసుకుని కదలకుండా నిలబడాలి.

మొదటిరోజు పాంగ్ ఆకాశాన్ని ఎత్తే దగ్గరే చిక్కుపడ్డాడు. ఊపిరి పీల్చమన్నప్పుడు పీల్చాడు. వదలమన్న మాట మాత్రం చెవికెక్కలేదు. ముఖం బీట్‌రూట్‌లా అయింది.

తోంగ్ టీచరు దగ్గరికి వచ్చి, "వదులు నాయనా, ఎవరూ ఎత్తుకుపోరు. మళ్లీ కావాలంటే బోలెడంత ఉంది" అంది.

పాంగ్ వదిలాడు. ఆ చప్పుడుకి ముందు వరసలోని ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"ఏం చెయ్యను గురువమ్మా, నాకు తెలిసిన ఊపిరల్లా బస్సు తలుపుదే" అన్నాడు.

ఆ వినయం ఎక్కువకాలం నిలిచి ఉంటే ఈ కథ లేదు. చెర్రీ పూలు రాలి ఎండలు ముదిరేసరికి పాంగ్‌కి కదలికలన్నీ వచ్చేశాయి. నిద్ర మాత్రం ఇంకా రాలేదు. అయినా ఒకరోజు సాధన మధ్యలో బొడ్డు కింద వెచ్చగా ఏదో తిరిగినట్టు అనిపించింది. అదే ప్రాణశక్తి అని ఆయన తేల్చేసుకున్నాడు. ఆ వార్త మొట్టమొదట విన్నది హ్వో. మాజీ పోస్టుమ్యాన్, పాంగ్ పక్కింటివాడు, పంజరంలో పిట్టని పెట్టుకుని రోజూ పార్కుకి వస్తాడు.

"కడుపులో వెచ్చగా తిరుగుతోందోయ్. ఇది అందరికీ దొరికేది కాదు" అన్నాడు పాంగ్.

"దొరక్కేం, సందు చివర బండి దగ్గర దొరుకుతుంది. ఇప్పుడేగా రెండు గుడ్లు కొట్టించుకుని వేడివేడి పెసరట్టు తిన్నావు. అది తిరక్క ఏం చేస్తుంది?"

హ్వోకి ఇలాంటి విషయాలు అర్థం కావని పాంగ్ జాలిపడ్డాడు. తర్వాత తెల్ల సిల్కు బట్టలు కొనుక్కున్నాడు. పైజామా కాళ్లు పొడుగై నేలమీద ఈడ్చుకుంటూ ఉండేవి. తనకంటే ముందునుంచి వస్తున్నవాళ్ల మోచేతులు సరిచేయడం మొదలుపెట్టాడు. గడ్డం పెంచుదామని చూశాడుగానీ అది నాలుగు వెంట్రుకల దగ్గరే ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం యుజెన్ భుజం నొప్పి అంటే, తన అరచేతుల్లోంచి శక్తి పంపి తగ్గిస్తానని ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాడు. వెనక నిలబడి కళ్లు మూసుకుని, చేతులు ఆమె భుజానికి తాకీ తాకనట్టు పట్టాడు.

"వేడి తెలుస్తోందా?" అన్నాడు కొంతసేపటికి.

"తెలుస్తోంది."

పాంగ్ గుండె ఉప్పొంగింది. "ఎలా ఉంది?"

"మల్లెపూల టీ వాసన వేస్తోంది. ఆ గ్లాసు అక్కడ బల్లమీద పెట్టి, కాస్త చేత్తో నొక్కు. నాకు అదే చాలు."

చేతిలో గ్లాసు ఉన్న సంగతి పాంగ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. గ్లాసు పక్కన పెట్టి భుజం నొక్కాడు. దాంతో ఆమెకి హాయిగానే ఉంది. పాంగ్‌కి మాత్రం హాయిగా లేదు.

ఎండాకాలం పోయాక పెద్దవాళ్లకి ఆ పేటలో పోటీలు పెట్టారు. నది పక్క మైదానంలో వేదిక, మైకులు, జడ్జీలు. తోంగ్ టీచరు జట్టు పేరు ఇచ్చింది. పాంగ్ చోటు వెనక వరస చివర. ముందు వరసలో ఒకావిడకి మోకాలు వాచిందని తెలియగానే ఆయన టీచరు వెంటపడ్డాడు.

"నేను నిలబడతాను గురువమ్మా. నా దగ్గర బట్టలు కూడా ఉన్నాయి."

"బట్టలు చూశాను" అంది తోంగ్ టీచరు. ఇంకేదో అనబోయి, చివరికి "సరే" అని ఊరుకుంది.

ముందురోజు రాత్రి ఆ సంబరంతో ఉన్న కాస్త కునుకూ పోయింది. పొద్దున వేదిక ఎక్కేసరికి పాంగ్ కళ్లలో ఇసుక పోసినట్టుంది. అయినా ఎనిమిది కదలికలూ ఎక్కడా తప్పు లేకుండా చేశాడు. ఎండ వెచ్చగా ఉంది, సంగీతం మెల్లగా సాగుతోంది. చివర్న చేతులు గుండ్రంగా పట్టి, మోకాళ్లు వంచి, కళ్లు మూసుకున్నాడు. గురువమ్మ ఎప్పుడూ చెప్పినట్టు, ఏమీ పట్టించుకోకుండా ఊపిరి దానంతటదే వెళ్లి వచ్చేలా వదిలేశాడు.

సంగీతం ఆగింది. జట్టంతా వంగి నమస్కారం చేసి మెట్లు దిగింది. పాంగ్ దిగలేదు.

జడ్జీల్లో ఒకాయన పక్కాయనతో, "చూశారా, ఎంత లోతుకి వెళ్లిపోయాడో. కదిలించకూడదు" అన్నాడు. అవతల వేళ దాటిపోతోంది. విసనకర్రల నాట్యం చేసే ఆడవాళ్లు వేదిక ఎక్కారు. వాళ్ల నాయకురాలు కూడా ఆయన్ని చూసి, మహానుభావుడెవరో అనుకుని, చుట్టూ చోటు వదిలి నిలబడమని తన వాళ్లకి సైగ చేసింది. ఎర్ర విసనకర్రల నడుమ తెల్లబట్టల్లో పాంగ్ విగ్రహంలా ఉన్నాడు.

అప్పుడు గురక మొదలైంది. మైకు ఆయన గడ్డానికి ఎదురుగానే ఉంది. మైదానమంతా విన్నది. మొదట ఎవరో లారీ తెచ్చి ఆపుతున్నారనుకున్నారు. నాయకురాలు దగ్గరికి వచ్చి భుజం మీద తట్టింది. పాంగ్ ఉలిక్కిపడి, కళ్లు పూర్తిగా తెరవకముందే, ఉద్యోగం నేర్పిన గొంతుతో అన్నాడు:

"చివరి స్టాపు. అందరూ దిగండి. సామాన్లు మరిచిపోకండి."

మైకులో ఆ మాట అంత గట్టిగా వచ్చేసరికి నాట్యం ఆడవాళ్లలో ఇద్దరు నిజంగానే దిగిపోయారు.

జట్టుకి బహుమతి రాలేదు. పాంగ్ ఇంట్లోంచి కదల్లేదు. తెల్లబట్టలు యుజెన్ ఉతికి ఆరేస్తే, బాల్కనీలోంచి అవి తీసేదాకా కిటికీ వైపు చూడలేదు. పెసరట్టు బండివాడికి కూడా ముఖం చూపించలేక హ్వో చేత తెప్పించుకున్నాడు. హ్వో పొట్లం ఇస్తూ రోజూ ఒకే మాట అనేవాడు: "ఇదిగో నీ ప్రాణశక్తి."

చివరికి తోంగ్ టీచరే ఇంటికి వచ్చింది. యుజెన్ టీ పోసింది. పాంగ్ తల దించుకుని కూర్చున్నాడు.

"మీ పేరు చెడగొట్టాను గురువమ్మా. ఊరంతా నవ్వింది."

"నవ్వింది. నేనూ నవ్వాను. నా పక్కటెముకలు ఇంకా నొప్పి పెడుతున్నాయి." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఒకటి అడుగుతాను చెప్పు. నువ్వు నా దగ్గరికి దేనికోసం వచ్చావు?"

"నిద్ర కోసం."

"మరి నిద్ర పట్టిందిగా. ఇన్ని నెలల్లో నువ్వు నా మాట విన్నది ఆ ఒక్క పూటే. మిగతా రోజులన్నీ ఎవరు చూస్తున్నారా అని చూసుకోవడంతోనే సరిపోయింది."

పాంగ్ తలెత్తి చుట్టూ చూశాడు. గోడలు, కుర్చీలు, భార్య, అందరూ ఆ మాటకి తలాడిస్తున్నట్టే అనిపించింది. "నేనింత వెర్రివాణ్ణని మీకు మొదట్నుంచీ తెలుసా?" అని అడిగాడు.

"ఆ పైజామా చూసినప్పుడు తెలిసింది."

మర్నాడు ఆయన పాత బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని వెళ్లి వెనక వరస చివర నిలబడ్డాడు. అక్కడ ముందు అంతా వీపులే. చూపించుకుందామన్నా చూసేవాళ్లు లేరు. చప్పట్లు కొట్టి వెక్కిరించినవాళ్లు రెండుమూడు రోజుల్లో విసుగెత్తి మానేశారు. ఆయన కూడా ఎవరి మోచేతుల జోలికీ పోలేదు. కడుపులో ఏం తిరుగుతోందో చూసుకోవడం మానేశాడు. చెయ్యి లేస్తే పీల్చడం, దిగితే వదలడం, అంతే.

నది అంచులు గడ్డకడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం యుజెన్ వంటింట్లో నూడుల్సు పిండి సాగదీస్తోంది. ముందుగదిలో పాంగ్ మాట వినబడకపోయేసరికి వచ్చి చూసింది. కుర్చీలో తల పక్కకి వాల్చి నిద్రపోతున్నాడు. చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి, దేన్నీ తిప్పడం లేదు. హ్వో తలుపు తట్టబోతే ఆమె వేలు నోటిమీద పెట్టి వెనక్కి పంపేసింది. నూడుల్సు చల్లారిపోయాయి. ఆయన లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది.

ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర రాదు. అలాంటప్పుడు గాబరాపడకుండా, పడుకున్నచోటే ఊపిరి వచ్చిపోవడం వింటూ ఉంటాడు. బీపీ మాత్ర మానలేదు. నడుము వర్షం రాబోయే ముందు ఇంకా పట్టేస్తుంది. పార్కుకి కొత్తగా ఎవరు వచ్చినా, హ్వో చెప్పేలోగా తన వేదిక కథ తానే చెప్పేసి, ఆ కొత్తవాళ్లని తోంగ్ టీచరు ఎదురుగా ముందు వరసలో నిలబెట్టి, తాను వెనక్కి పోతాడు.