గడ్డి లేనివాడికి గడ్డి ట్రాక్టరు

పక్కింటి రంగుల మేస్త్రి వచ్చి గడ్డి కోసే ట్రాక్టరు అడిగినప్పుడు డ్రైవరుగారికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. నిజానికి రెండూ రావలసిన మాటే. మేస్త్రి తన పెరడంతా ఎప్పుడో బండలు పరిపించేసుకున్నాడు. వాటి సందుల్లో మొలిచే గడ్డి మేకపిల్లకు పంటి కిందకి కూడా రాదు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. మేస్త్రి వాడికి సొంత తమ్ముడు.

"నాలుగంటే నాలుగే రోజులు బాబాయ్," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"చూద్దాంలే," అన్నారు డ్రైవరుగారు.

ఆయన బస్సు దిగి ఏడాది కావస్తోంది. ఆ రోజు కూడలిలో పచ్చదీపం వెలిగినా బస్సు కదల్లేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి, లోపల మనిషే లేడు. కండక్టరు భుజం పట్టి కుదిపితే "ఏ స్టాపు?" అని అడిగారట. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, డాక్టరు ఇక ఏ బండీ ముట్టుకోవద్దన్నాడు. అప్పట్నుంచి పెడితే తింటున్నారు, పడుకోమంటే పడుకుంటున్నారు. ఏడ్చినా బాగుండేది. ఆ ఏడుపూ లేదు.

ఇంటి వెనక వాలుగా దిగే పెద్ద పచ్చిక ఉంది. దాని మీద తిరిగే ఈ బుల్లి ట్రాక్టరొక్కటే ఆయనకు మిగిలిన స్టీరింగు. "అది బండి కిందకి రాదే, చీపురు కిందకి వస్తుంది," అని భార్యతో వాదించి మరీ గెలిచారు. ఎక్కితే సంతోషం పుట్టుకొస్తుందని కాదు. మనసుతో పని లేకుండా చేతులే తిప్పుకుంటూ పోతాయి. ఆ కాసేపు తను డ్రైవరు. ట్రాక్టరు గడప దాటితే ఆ కాసేపు కూడా ఉండదు. ఇవ్వనని చెప్పేయడానికి నోరు తెరిచారు. అంతలో వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"మీ పిన్ని పంపిందా?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. "అబ్బే... నాకే, కాస్త గడ్డి..."

"నీకు గడ్డెక్కడుందిరా?"

మేస్త్రి చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు. "లేదు బాబాయ్. పోయిన ఆదివారం మీరేం చేశారో గుర్తుందా?"

"గడ్డి కోశాను."

"సగం కోశారు. మిగతా సగం నేను కోశాను."

డ్రైవరుగారు కిటికీలోంచి చూశారు. గడ్డి అంతా ఒకే ఎత్తున ఉంది. ఎవరు ఏ సగం కోశారో తెలియడం లేదు.

"బండి పోయి గోడకు గుద్దుకుంది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, మీరేమో గోడ వంకే చూస్తున్నారు. నేను ఇటు దూకి ఇంజను ఆపాను. దింపి తీసుకొస్తే అన్నం తిని పడుకున్నారు."

డ్రైవరుగారికి అన్నం తిన్నది గుర్తుంది. గోడ గుర్తు లేదు. "మీ పిన్ని ఎక్కడుంది అప్పుడు?"

మేస్త్రి తలవంచుకున్నాడు. "గోడ దగ్గరే, బట్టలు ఆరేస్తోంది. నేను అరిచాను కాబట్టి పక్కకి దూకింది."

డ్రైవరుగారు లేచి, మేకుకున్న తాళంచెవి తీసి మేస్త్రి చేతిలో పెట్టారు. దుఃఖం వస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూశారు. రాలేదు. అలా రానందుకు మాత్రం ఆయనకు భయమేసింది.

"నాలుగు రోజులు కాదు, నీ దగ్గరే ఉంచేసుకో. వాలులో మెల్లగా దించు, బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతుంది."

ఆయన వంటింట్లోకి వెళ్ళేసరికి భార్య కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"దెబ్బ తగిలిందా?"

"మోకాలు గీసుకుంది, అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ ఇటు తిరగలేదు. "చెప్తే ఇక బండెక్కరుగా. గడ్డి కోసొచ్చిన రోజే మీరు నాతో నాలుగు మాటలు మాట్లాడేది. ఎంత కోశారో, ఎక్కడ తడిగా ఉందో, అవే. వాటి కోసమే నోరు మూసుకున్నాను. నావల్ల కాక ఇవాళ వాణ్ణి పంపాను."

డ్రైవరుగారు గోడ పట్టుకుని మెల్లగా ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నారు.

"ఏదీ, మోకాలు చూడనీ," అన్నారు.