ఆరు గంటల తర్వాత మా వంతు

మొన్న శనివారం మా అమ్మాయి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఎక్కడెక్కడి పిల్లలతోనో కలిసి, వచ్చే వారం ఒక అంతర్జాతీయ సమావేశంలో పెద్దలకు ఏం చెప్పాలో తేల్చుకుంటోంది. నేను పక్కనే పప్పుకి తాలింపు పెడుతున్నాను. లీడ్స్‌లో పుట్టిన పిల్ల, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఉన్నట్టుండి తనే, ఇలాంటి వాటికి నువ్వెప్పుడైనా వెళ్లావా మమ్ అని అడిగింది. వెళ్లాను అన్నాను. ఆ తర్వాతి ప్రశ్న అడిగేలోపే తెర మీద ఎవరో పిలిస్తే అటు తిరిగిపోయింది. తాలింపు మాడింది. చెప్పాల్సిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది కనుక మీతో చెప్పుకుంటున్నాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండు వేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో ఎక్కడ విన్నా సుస్థిరాభివృద్ధి అన్న మాటే, పెద్దల నిర్ణయాల్లో యువత గొంతు వినపడాలన్న మాటే. అప్పుడు నేను లీడ్స్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు తిండి పొట్లాలు కట్టిచ్చే ఒక టేక్‌అవేలో వంతుల ప్రకారం పనిచేసుకుంటూ ఉండేదాన్ని. గ్లాస్గోలో నానా దేశాల మంత్రులూ అధికారులూ కూర్చునే సమావేశానికి, బ్రిటన్ యువజన బృందంలో నన్నూ చేర్చారు. ఫొటోలో ఒక చామనఛాయ ముఖం ఉంటే బాగుంటుందనుకున్నారేమో అన్న అనుమానం నాకు లేకపోలేదు గానీ, పోకుండా ఉండడానికి నాకు మనసొప్పలేదు. దానికి కారణం మా చిన్నమ్మ.

మాది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. తల్లి లేని నన్ను పెంచిన చిన్నమ్మకు ఆ నీళ్లే తాగి తాగి కాళ్లు వంకరపోయాయి, నడుము వంగిపోయింది. నా పళ్లకు ఆ నీళ్ల పసుపుగార పట్టకముందే నన్ను హైదరాబాదు హాస్టల్‌కు తోసేసి, తను మాత్రం ఆ నీళ్లతోనే ఉండిపోయిన మనిషి ఆమె. గ్లాస్గో సంగతి ఫోన్లో చెబితే, “వాళ్లకు గట్టిగ చెప్పు బిడ్డా. మా నీళ్లు ఒక్క చెంబు తాగి, గప్పుడు మాట్లాడుండ్రి అను” అంది. ఆ ఒక్క మాట ఆ హాల్లో వినిపిస్తే చాలు, నాకింకేమీ అక్కర్లేదనుకున్నాను.

సభలో చదవబోయే ప్రకటనలో ప్రతి వాక్యానికీ మా బృందంలో అందరూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు చప్పట్లు కొట్టకూడదు, చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాలి. చిన్నమ్మ మాట చెప్పగానే గదిలో చేతులన్నీ ఆడాయి, అలా ఆడుతూనే దాన్ని దిద్దడం మొదలుపెట్టారు. చెంబు ఎవరికీ తెలియదని గ్లాసు చేశారు, మంత్రులను తాగమనడం మర్యాద కాదని ఆ గ్లాసూ తీసేశారు, చివరికి అందరికీ సురక్షితమైన తాగునీరు అందాలి అన్నది మిగిలింది. దాన్ని కాదనేవాడు లోకంలో ఎవడుంటాడు! వాళ్లు చెడ్డవాళ్లు కారు. నాతో ఏ మాటయినా మీ దేశంలో అని మొదలుపెట్టేవారు, అంతే. ఇక భారత బృందంలోని ఒక పెద్దాయన నా చీర చూసి ఆప్యాయంగా పలకరించి, నేను బ్రిటన్ తరఫున వచ్చానని తెలియగానే, ఓహో అని కాఫీ కప్పుతో సహా అటు జరిగిపోయారు. రెంటికీ చెడ్డ రేవడిలా, సాయంత్రం అందరూ పబ్బుకు పోతే నేను గదిలో కూర్చుని చిప్స్‌లోకి గోంగూర పచ్చడి నంజుకుని తిన్నాను.

చివరి రోజు మా ప్రకటన చదివే వంతు నాకొచ్చింది. అలాంటి సభల్లో యువతకు అందరికంటే ఆఖరున అవకాశమిస్తారు, మాటలను అప్పటికప్పుడు అనువదించే దుబాసీలు సాయంత్రం ఆరు కాగానే వెళ్లిపోతారు. ఈ రెండు ఆచారాలూ ఒకదానికొకటి ఎలా ముడిపడతాయో ఆ పూట దాకా మాకెవరికీ తట్టలేదు. మంత్రులు ఒకరి తర్వాత ఒకరు తమకిచ్చిన సమయం దాటి మాట్లాడారు. ఆరయింది. దుబాసీలు కూర్చునే గాజు గదుల్లో దీపాలారాయి. అధ్యక్షుడు, అనువాదం లేకపోయినా యువత మాట్లాడవచ్చునని దయగా అన్నారు. హాలంతా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి సంచులు సర్దుకుంటోంది. నేను రాసుకొచ్చింది ఇంగ్లీషులో చదివి తలెత్తితే, కనిపించినవన్నీ వీపులే.

దుబాసీలకు అందేలా నెమ్మదిగా మాట్లాడమని ఆ వారమంతా మాకు చెప్పారు. వాళ్లే లేనప్పుడు ఇక ఏ భాషయితేనేం అనిపించింది. “మా నీళ్లు ఒక్క చెంబు తాగి, గప్పుడు మాట్లాడుండ్రి” అన్నాను మైకులో, అచ్చం చిన్నమ్మ గొంతుతో. అధ్యక్షుడు చిరునవ్వు నవ్వి, యువత ఉత్సాహానికి ధన్యవాదాలు చెప్పి సభ ముగించారు. వెనక వరసలో మా వాళ్లు వేళ్లు ఆడించారు. అంత పెద్ద హాల్లో చప్పుడే లేని ఆ మెచ్చుకోలు చూస్తుంటే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత ఒంటరితనం నన్ను కమ్మేసింది.

మర్నాడు లీడ్స్‌లో దిగి, కాలింగ్ కార్డుతో స్టేషన్ బయటి ఫోన్ బూత్‌లోంచి మా ఊరి ఎస్టీడీ బూత్‌కు చేశాను. చిన్నమ్మ కర్ర పట్టుకుని పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుందట.

“చెప్పినవా బిడ్డా?”

“చెప్పిన చిన్నమ్మా. నువ్వన్నట్టే చెప్పిన.”

“మరేమన్నరు?”

కార్డులో నిమిషాలు అయిపోతున్నాయన్నాను. అంత దూరం నుంచి సంగతి ఆమెకెలా అర్థమైందో గానీ, “పోనియ్ తియ్. గోడలకు చెవులుంటయంటరు గద, అవన్న ఇనే ఉంటయి. తిన్నవా?” అంది. ఆ తిన్నవా అన్న మాటకు బూత్‌లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మా ఊళ్లో కొళాయిల్లోకి నది నీళ్లొస్తున్నాయట. అందులో నా మాట పాత్ర ఆవగింజంతైనా లేదని నాకు తెలుసు. ఆ నీళ్లు రాకముందే చిన్నమ్మ పోయింది. ఇప్పటి పిల్లలకు ముందు వరసల్లో కుర్చీలున్నాయి, ఏ భాష మాట్లాడినా తెర మీద అక్షరాలై కనబడతాయి, మంత్రులే వచ్చి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నా బిడ్డ మాటను ఎంతోమంది వింటారు, అందుకు నాకు నిజంగా సంతోషమే. వచ్చే వారం తను మాట్లాడి ఇంటికొచ్చాక, ఏమన్నారమ్మా అని అడుగుతాను. ఫైన్ మమ్ అని మేడ మీదికి వెళ్లిపోతుంది. ఆ రోజు హాల్లో నా మాట విన్నవాళ్లు ఎవరూ లేకపోవచ్చు గానీ, వాళ్లేమన్నారో తెలుసుకోవాలని కాళ్లీడ్చుకుంటూ వచ్చి కూర్చున్న మనిషి నాకంటూ ఉండేది.