ముఖ్య అతిథి వెనక ఫ్యాను

యార్డులో ఆమెను అందరూ గాగుల్స్ అక్క అంటారు. వెల్డింగుకో కటింగుకో వెళ్లే ప్రతి మనిషీ పొద్దున్నే ఆమె కిటికీ ముందు నిలబడి నల్లద్దాలు, తోలు గ్లోవ్సు, తోలు ఆప్రాను తీసుకోవాలి. సాయంత్రం మళ్లీ తెచ్చి అప్పజెప్పాలి. గ్లోవ్సుకు చిల్లు పడితే ఆమె కంట పడకుండా పోదు, కంట పడితే ఆమె ఊరుకోదు. "ఈ చిల్లులోంచి నిప్పురవ్వ దూరితే పోయేది నీ వేలు, నాదేం పోతుంది" అంటూనే కొత్త జత తీసి కిటికీలోంచి విసిరికొట్టినట్టు ఇస్తుంది. ఆ నోటికి జడిసి ముదురు మేస్త్రీలు కూడా చిరిగిన గ్లోవ్సు వీపు వెనక దాచుకుంటారు.

ఇంత నోరున్న మనిషి కొత్త బ్యాచ్‌కి శిక్షణ జరిగే రోజున మాత్రం నోట్లో నాలుక లేనిదానిలా అయిపోయేది. ఆ రోజు ఆమెను సేఫ్టీ సారు క్లాసుకు పిలిపించేవాడు. ఆయనకు నినాదాల సారని ఇంకో పేరుంది. గోడ ఖాళీగా కనిపిస్తే చాలు, దానిమీద ప్రాసతో ఒక నినాదం రాయించేస్తాడు. మరుగుదొడ్డి తలుపును కూడా వదల్లేదు. ఆయన ముందు ఒక వీడియో వేసేవాడు, అది నడుస్తున్నంతసేపూ ఫోన్ చూసుకునేవాడు, అయిపోగానే లేచి, "ఇప్పుడు మన అక్క తన అనుభవం చెబుతుంది" అనేవాడు.

అనుభవమట. మొగుడు కాలిపోవడం అనుభవమట. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా లేచి నిలబడి అప్పజెప్పేది.

"మా ఆయన ఇక్కడే గ్యాస్ కట్టరు. పెద్ద ఇనుప ట్యాంకు లోపల పని. ఉక్కగా ఉందని ఇనుము కోసే టార్చ్ మంట ఆర్పేసి, దాంట్లోంచి ఆక్సిజన్ మాత్రం తిప్పి చొక్కాలోకి కొట్టించుకున్నాడు. చల్లగా ఉంటుంది మరి. కానీ ఆక్సిజన్ బట్టకు పట్టేస్తుంది. వాసన ఉండదు, కంటికి కనపడదు. తర్వాత టార్చ్ వెలిగించాడు. ఒక్క రవ్వ పడింది. మామూలు బట్టయితే చిన్న చిల్లు పడేది. ఆ చొక్కా మనిషితో సహా అంటుకుంది."

ఇంతవరకూ ఆమె మాటలే. ఆఖరి ముక్క మాత్రం సారు రాసిచ్చింది. "ఆయన నిర్లక్ష్యానికి ఆయనే బలయ్యాడు. మీరు అలా చేయకండి." ఆ ముక్క రాగానే అందరికన్నా ముందు సారే చప్పట్లు కొట్టేవాడు.

ఆమె చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు ట్యాంకులో ఫ్యాను లేదు. లోపల మనిషి పని చేస్తున్నంతసేపూ బయటి గాలిని గొట్టంతో లోపలికి తోయాల్సిన పెద్ద ఫ్యానును, రంగులు త్వరగా ఆరాలని పెయింట్ షెడ్డుకు ఎత్తుకుపోయారు. ఈ సంగతి యార్డులో పాతవాళ్లందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. చంకలో పిల్ల, చేతిలో కంపెనీ జాలిపడి ఇచ్చిన ఈ కిటికీ ఉద్యోగం. ఉన్న ఒక్క కూటి దారీ మూసుకుపోతుందేమోనన్న భయంతో నోరు కట్టేసుకుంది. పొయ్యి మీదికి ఏమీ లేని మనిషిని పట్టుకుని నిజం ఎందుకు చెప్పలేదని నిలదీయడానికి కడుపు నిండినవాళ్లకు భలే ఉత్సాహం. వాళ్లు ఒక్క నెల ఆ కిటికీ వెనక కూర్చుని చూడాలి.

మొగుడు పోయాక అతని తమ్ముడు అదే పనిలో చేరాడు. వద్దని ఆమె మొత్తుకుంది. "నాకు వేరే పని రాదు వదినా" అన్నాడు. మరిదే అయినా దాదాపు ఆమె చేతుల్లో పెరిగినవాడు. తన మొదటి శిక్షణ రోజున ముందు వరసలో కూర్చుని వదిన చెప్పిందంతా విన్నాడు. చప్పట్లు కొట్టలేదు, తల దించుకున్నాడు. ఆ దించుకున్న తలను ఆమె ఆ రోజు సరిగా చదవలేకపోయింది.

భద్రతా వారోత్సవాలొచ్చాయి. హెడ్డాఫీసు నుంచి పెద్దలొస్తున్నారని సారు కాలు నిలవకుండా తిరిగాడు. రేకుల షెడ్డుకు కొత్త రంగు, దారి పొడుగునా బ్యానర్లు, వేదిక మీద మెత్తటి కుర్చీలు, ప్రతి కుర్చీ మీదా మెరిసే అట్టతో భద్రతా సూత్రాల పుస్తకం. ఎండాకాలంలో ఆ షెడ్డు కింద కూర్చోవడమంటే మూత పెట్టిన గిన్నెలో కూర్చోవడమే. యార్డు జనం మాత్రం ఎప్పుడూ అందులోనే కూర్చునేవాళ్లు, వాళ్ల చెమట గురించి ఎవరికీ దిగులు కలగలేదు.

ఆ పొద్దున మరిది అందరికన్నా ముందే కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మీటింగుకు రావట్లేదా?" అడిగింది ఆమె.

"మూడో ట్యాంకులో పాత గొట్టాలు కొయ్యాలి. వచ్చినవాళ్లు మధ్యాహ్నం అటు చూడ్డానికి వస్తారట, అప్పటికి శుభ్రంగా కనపడాలన్నారు."

"ఫ్యాను పెట్టారా?"

"ఇప్పుడే పెడుతున్నారు. నేను చూసే వచ్చాను."

ఆమె గ్లోవ్సు తిరగేసి చూసి ఇచ్చింది. చిల్లుల్లేవు.

సభ మొదలైంది. ఒకాయన మాట్లాడాడు, ఇంకొకాయన మాట్లాడిందే మాట్లాడాడు. వేదిక పక్కన తన వంతు కోసం నిలబడ్డ ఆమె ముఖానికి చల్లగాలి కొట్టింది. హాయిగా అనిపించింది. ఆ హాయి కాసేపే. ఈ షెడ్డులో ఇంత గాలి ఎక్కడిదని తల తిప్పి చూస్తే ముఖ్య అతిథి కుర్చీ వెనక హోరుమంటూ తిరుగుతోంది పెద్ద ఫ్యాను. పసుపు రంగు పీపాలాంటి ఒళ్లు, కింద చక్రాలు. ట్యాంకులోకి పోయే గొట్టం పీకేసి పక్కన చుట్ట చుట్టి పడేశారు. ఒంటిమీద ఎర్ర రంగుతో ట్యాంకు నంబరు, మూడు.

వేదిక మీద వంగి వంగి మంచినీళ్ల సీసాలు అందిస్తున్న మనిషిని చూసింది. ట్యాంకు మూతి దగ్గర కాపలా ఉండాల్సినవాడు వీడే. లోపలున్నవాడికి ఏదైనా అయితే కేకెయ్యాల్సినవాడు. చెయ్యి పట్టి పక్కకు లాగింది.

"నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?"

"సారు పిలిచారక్కా. నీళ్లిచ్చే వాళ్లు లేరట. ఇచ్చేసి వెళ్లిపొమ్మన్నారు."

"ఫ్యాను?"

"అదీ సారే తెమ్మన్నారు. పెద్దలకు ఉక్కపోస్తోందని."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

అతను చేతిలోని సీసా కింద పెట్టాడు. "మీ మరిది ఉన్నాడక్కా."

సరిగ్గా అప్పుడే సారు మైకులో, "ఇప్పుడు మన అక్క తన అనుభవం చెబుతుంది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె వేదిక ఎక్కింది. మైకు దగ్గరికి పోలేదు. తిన్నగా ముఖ్య అతిథి వెనక్కి వెళ్లి ఫ్యాను ప్లగ్గు ఊడబీకింది. హోరు ఆగిపోయింది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?" సారు ముఖం కందగడ్డయింది.

"ఇది ట్యాంకు ఫ్యాను సార్. లోపల మనిషి ఉన్నాడు."

"మీటింగ్ అవ్వగానే పంపిస్తాంలే. ముందు నువ్వు మాట్లాడు."

ఆ "లే" దగ్గర ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవడబ్బ సొమ్మని ఎత్తుకొచ్చాడట? సారుకు బదులు చెప్పలేదు. "దీన్ని తోసుకుని రా" అని నీళ్ల సీసాల మనిషికి చెప్పి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పరిగెత్తింది. బ్యానర్ల కింద నుంచి, నినాదాల గోడల పక్క నుంచి, ఆ గోడల్నీ ఆ రాతల్నీ రాయించినవాణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పరిగెత్తింది.

ట్యాంకు మూతి దగ్గరకొచ్చేసరికి లోపల కోత చప్పుడు లేదు. బుస్సుమని సన్నటి శబ్దం వస్తోంది. ఆ శబ్దం ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మోకాళ్ల మీద కూలబడి తల లోపల పెట్టింది. మరిది చొక్కా గుండీలు విప్పుకుని, టార్చ్ కొన గుండెల వైపు తిప్పుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో లైటరు ఉంది.

"ఒరేయ్, వెలిగించకు." గట్టిగా అరిస్తే బెదిరి వేలు నొక్కుతాడేమోనని మామూలుగానే అంది. ఆ మామూలు గొంతు తెచ్చుకోవడానికి ఒంట్లో ఉన్న ప్రాణమంతా ఖర్చయిపోయింది.

అతను కళ్లు తెరిచాడు. "ఏంటి వదినా?"

"వాల్వు కట్టెయ్. లైటరు ఉన్నచోటే మెల్లగా కింద పెట్టు. పెట్టి బయటికి రా."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. చెప్పినట్టే చేసి పైకొచ్చాడు. బయటికి రాగానే ఆమె అతని చొక్కా లాగేసి దూరంగా ఇసకలో పడేసింది. గాలి తగిలే చోటికి ఈడ్చుకెళ్లి నిలబెట్టింది. ఆ పక్కనే బీడీ ముట్టించబోతున్న డ్రైవరును తిట్టి తరిమేసింది. అదంతా అయ్యాక మరిది చెంప ఛెళ్లుమనిపించింది.

"మీ అన్న ఎలా పోయాడో తెలుసు కదరా. తెలిసి తెలిసి అదే పని చేస్తావా?"

అతను చెంప పట్టుకున్నాడు. తర్వాత అతనికీ కోపమొచ్చింది.

"అన్న సంగతి వేరు వదినా. అన్న నిర్లక్ష్యంగా చేశాడు, నువ్వే చెప్పావు. ఫ్యాను తిరుగుతుండగా సరదాకి చేసుంటాడు అనుకున్నాను. నాకు ఫ్యాను పీక్కుపోయారు. లోపల ఊపిరి ఆడట్లేదు. పైన కేకేస్తే పలికే మనిషి లేడు. పని ఆపితే మేస్త్రీ తిడతాడు. నేను సరదాకి చెయ్యలేదు. అయినా ఎప్పటికప్పుడు కాస్త చూసుకునే చేస్తున్నాను."

ఆమెకు అప్పుడు అర్థమైంది. వీడు ఆ క్లాసులో తల దించుకున్నది దుఃఖంతో కాదు, అన్న తెలివితక్కువతనానికి సిగ్గుపడి. తాను అన్నకంటే తెలివైనవాడిననుకుంటూ అలాంటి ట్యాంకులోకే దిగుతున్నాడు. ఆ సిగ్గునూ ఆ ధీమానూ వాడికి నేర్పింది సారు రాసిచ్చిన ఒక్క ముక్క. పలికింది మాత్రం తన నోరు.

"మీ అన్నకూ ఫ్యాను లేదురా" అంది.

అతను చెంప మీది చెయ్యి దించేశాడు.

ఫ్యాను వచ్చింది. గొట్టం తగిలించి, లోపలి గాలి మొత్తం మారేదాకా ఎవరినీ దిగనివ్వొద్దని కాపలా మనిషికి వార్నింగ్ ఇచ్చి, ఆమె తిరిగి షెడ్డుకు నడిచింది. మరిది మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్న తువ్వాలు కప్పుకుని వెనకే వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

సభ ఇంకా నడుస్తోంది. ఫ్యాను పోయాక వేదిక మీది పెద్దల పని అయిపోయింది. కోట్లు కుర్చీల మీదికి పోయాయి, మెడ దగ్గర గుండీలు ఊడాయి. ముఖ్య అతిథి భద్రతా సూత్రాల పుస్తకంతో ముఖం విసురుకుంటున్నాడు. ఆమెను చూడగానే సారు పళ్లు బిగించి నవ్వుతూ, అయిందేదో అయింది, మాట్లాడి ముగించమన్నట్టు మైకు వైపు చెయ్యి చూపించాడు.

ఆమె మొదలుపెట్టింది. గ్యాస్ కట్టరు, ట్యాంకు, ఉక్క, ఆక్సిజన్, రవ్వ. ఎప్పుడూ చెప్పేదే. ఆఖరి ముక్క దగ్గర ఆగింది. చప్పట్లకని సారు చేతులు అప్పటికే పైకి లేచాయి.

"ఆ రోజు ఆ ట్యాంకులో ఫ్యాను లేదు" అంది. "రంగులు ఆరాలని ఎత్తుకుపోయారు. ఇవాళ మీకు చల్లగా ఉండాలని మూడో ట్యాంకుది ఎత్తుకొచ్చారు. దాన్ని తీసుకెళ్లి ఎంతోసేపు కాలేదు, మీ అందరికీ గుండీలు ఊడిపోయాయి. మీ చేతిలో పుస్తకం ఉంది, విసురుకుంటున్నారు. మా ఆయన చేతిలో ఆక్సిజన్ ఉంది."

సారు గబగబా వచ్చి మైకును అరచేత్తో మూశాడు. ఫ్యాను హోరు లేని ఆ షెడ్డులో ఆమెకు మైకుతో పని లేకుండా పోయింది.

"ఇది కాదు కదమ్మా నీకు చెప్పమన్నది" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు చెప్పమన్నది ఇన్నేళ్లూ చెప్పాను సార్" అంది ఆమె, గొంతు తగ్గించకుండా. "అది విని నమ్మినవాడు అడుగో, ఆ తలుపు దగ్గర ఉన్నాడు. ఇందాక వాడి చేతిలో లైటరు ఉంది."