నీళ్లలో మూడు లోహాలు

పెళ్లయిన ఇరవై ఏళ్లకి ఓపెన్ ఇంటర్‌కి కట్టాను. ఆదివారాలు జగ్గయ్యపేటలోని మా కిరాణా కొట్టు మా ఆయనకి అప్పగించి, క్లాసులకి నందిగామ బస్సెక్కేదాన్ని. అక్కడ అందరూ మా అమ్మాయి వయసు వాళ్లే కావడంతో సిగ్గేసి ఎప్పుడూ నోరు విప్పలేదు.

ఒకరోజు కెమిస్ట్రీ మేడం మూడు గాజు గిన్నెల్లో నీళ్లు పోసి, ఒకే గ్రూపు లోహాలు మూడింటిని బియ్యపు గింజంత ముక్కలుగా తీసుకుని ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేశారు. లిథియం నెమ్మదిగా బుడగలు వదిలింది. సోడియం కరిగి పూసలా మారి అటూ ఇటూ పరుగెత్తింది. పొటాషియం పడగానే లేత ఊదా రంగు మంట లేచింది.

"మూడింటికీ బయటి కక్ష్యలో ఉండేది ఒక్క ఎలక్ట్రానే. మరి ఇంత తేడా ఎందుకు?" అని అడిగారు మేడం.

కొట్లో బేరాలు లేనప్పుడు నేను చదివిన పాఠమే అది. లేచి నిలబడ్డాను.

"గ్రూపులో కిందికి పోయేకొద్దీ పరమాణువు పెద్దదవుద్దండి. ఆ ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమై, తేలిగ్గా ఊడొచ్చేస్తదండి."

నా మాట తీరుకి పిల్లలు నవ్వారు. మేడం మాత్రం నవ్వలేదు. "సరిగ్గా చెప్పారండి. ఇంకోసారి గట్టిగా చెప్పండి, వీళ్లు రాసుకుంటారు" అన్నారు.

రెండోసారి వెనక బెంచీ దాకా వినపడేలా చెప్పాను.

తిరుగు బస్సులో, ఇందాక క్లాసులో నవ్విన పిల్లల్లో ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది. "ఆంటీ, మెగ్నీషియం, కాల్షియం గురించి కూడా ఇట్టాగే చెప్పరా?" అంది. ఆ అమ్మాయి దిగాల్సిన చిల్లకల్లు వచ్చేదాకా ఇద్దరం ఒకే పుస్తకం మీదికి వంగి చదువుకున్నాం.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను.