వెంకటేశులన్న పట్టిన కాలు

మా వెంకటేశులన్న పట్టుకుంటే వదలడు. రెఫరీ ఈల ఊదినా వదలడు, ఎదుటివాడు అమ్మో అని అరిచినా వదలడు.

1972 నుంచి పద్నాలుగేళ్లు మదనపల్లె కబడ్డీ జట్టులో ఎడమ కొసన నిలబడ్డాడు. ఒక్కసారైనా కూతకు పోలేదు. "కూతకు మీరుండారు గదప్పా! వచ్చినోన్ని నిలబెట్టేదానికి నేనుండా" అనేవాడు. చీలమండ అతని చేతికి చిక్కిందా, జిల్లాలో ఎంతటి ఆటగాడైనా అక్కడే ఆగిపోవాల్సిందే. అలాంటి పట్టు నేను మళ్లీ చూడలేదు.

అతని పక్కన నిలబడేది నేను. కాబట్టి నాకు రెండు పనులు. ఒకటి ఆడటం, రెండోది ఈల తర్వాత అన్న వేళ్లు ఒక్కొక్కటే ఊడదీయడం.

"ఔటయ్యా! వదులు!" అని రెఫరీ మొత్తుకునేవాడు.

"వదుల్తాండా సార్, వదుల్తాండా" అంటూనే బొటనవేలితో ఆ కాలిని నొక్కుతూ ఉండేవాడు.

బయట కూడా అంతే. టీ అంగడి ముందు ఎవరి చెయ్యైనా పట్టుకుని బాగోగులు అడగడం మొదలుపెడితే వాళ్ల బస్సు వెళ్లిపోయేది. "పెండ్లిలో నా చెయ్యి పట్టుకున్నోడు తాళి కట్టేదానికి గూడా వదల్లా. అయ్యోరే విడిపించినాడు" అని భార్య మునెమ్మ అందరికీ చెప్పేది.

1979లో కుప్పంలో ఫైనల్, మాకూ పుంగనూరుకూ. అప్పటికి ఏడేళ్లుగా మాకు కప్పు లేదు. మా కెప్టెన్ రాజగోపాల్ అయితే కప్పు పెట్టడానికి ఇంట్లో గూడు కూడా కట్టించి, కప్పు రాకపోయేసరికి అందులో పసుపు డబ్బా పెట్టుకున్నాడు.

పాయింట్లు సమానం. ఆఖరి కూత. వచ్చింది పుంగనూరు డ్రిల్లు మాస్టారు విక్టర్. నన్ను తాకి వెనక్కి దూకాడు. అన్న చీలమండ అందుకున్నాడు. విక్టర్ బోర్లా పడ్డాడు. నడిమి గీతకూ అతని చేతికీ జానెడు దూరం. రాజగోపాల్ అప్పుడే ఎగరడం మొదలుపెట్టాడు.

అన్న వదిలేశాడు.

విక్టర్ చెయ్యి గీతను తాకింది. కప్పు పుంగనూరుకు పోయింది.

"ఏడేండ్లు ఈల ఊదినా వదల్లేదే! ఈపొద్దు ఈల గూడా ఊదకముందే యాల వదిలినావన్నా?" రాజగోపాల్ ఏడుపు ఒక్కటే తక్కువ.

అన్న అప్పటికే విక్టర్ కాలు ఒళ్లో పెట్టుకుని నొక్కి చూస్తున్నాడు. "మెలి తిరిగిందప్పా. లాగింటే విరిగిపోతాండె. నా మొదటి ఆటలో ఒకన్ని ఈల ఊదంగానే వదిలేసినా. లేసి నిలబడబోయి కూలిపోయినాడు. మళ్లా ఆడలేదు. కాలు బాగుండాదో లేదో సూసుకోకుండా ఎట్లా వదిలేది?"

నాకు సిగ్గేసింది. ఆ బొటనవేలు ఏం వెతుకుతోందో ఏడేళ్లు పక్కనుండి కూడా తెలుసుకోలేదు.

మదనపల్లె బస్సు హారన్ కొట్టింది. ఎప్పటిలా వేళ్లు ఊడదీయమని రాజగోపాల్ నాకు సైగ చేశాడు. నేను అన్న పక్కన కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది.

"ఇంద, నువ్వు పట్టుకో. గుడ్డ తడిపి తెస్తా" అన్నాడు అన్న.

పట్టుకున్నాను. తడిగుడ్డతో వచ్చి, "ఇంక వదులప్పా" అన్నాడు.

"వదుల్తాండా అన్నా, వదుల్తాండా" అన్నాను.

ఆరోజు నా వేళ్లు అతనే ఊడదీయాల్సి వచ్చింది.