మా వంటింటి కంట్రోల్ టవర్

మొన్న పంజాగుట్టలో ఆఫీసు వదిలాక ఆటో ఎక్కాను. ఆటోవాళ్లతో దారి గురించి వాదించడం నాకు వ్యాయామం. డాక్టరు రోజూ నడవమన్నాడు, నేను వాదిస్తున్నాను, గుండెకు రెండూ ఒకటే అని నా నమ్మకం. ఎక్కుతూనే "మెట్రో స్తంభాల కింద నుంచి వద్దు బాబూ, లోపలి సందులోంచి పోనీ, గుడి దాటాక ఎడమ, మందుల షాపు దగ్గర ఆపు" అని ఒక్క గుక్కలో చెప్పేసి, అతను "అటు జామ్ ఉంటది మేడం" అంటే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అతను అద్దంలోంచి ఒకసారి చూసి, "లోపటి గల్లీలకెళ్లి, గుడి దాటినంక లెఫ్ట్, మందుల దుకాణం కాడ ఆపాలె. గంతే గద మేడం?" అన్నాడు. అంతే. నేను దాచుకున్న జవాబులన్నీ వృథా అయిపోయాయి. నవ్వు ఆగలేదు. "ఏమైంది మేడం, తప్పు జెప్పిననా?" అని అతను కంగారుపడ్డాడు. "లేదు నాయనా, నువ్వు విమానం నడపాల్సినవాడివి" అన్నాను. "మీరు మస్తు మజాక్ జేస్తున్నరు" అని తనూ నవ్వాడు. కానీ నేను మజాక్ చేయలేదు. చెప్పిన మాటను చెప్పినట్టు తిరిగి చెప్పడం ఎంత పెద్ద విద్యో, అది రాక ఒక పిల్ల కల ఎలా చివరి మెట్టు మీద ఆగిపోబోయిందో దగ్గరుండి చూసినదాన్ని.

ఆ పిల్ల మా అన్నయ్య కూతురు. ముందుగా మా వంశం సంగతి చెప్పాలి, లేకపోతే తప్పంతా పిల్లదే అనుకుంటారు. మా ఇంట్లో క్లుప్తంగా మాట్లాడిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. మా అమ్మ భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెడితే, ఇంట్లోవాళ్లు, సంఘంలో జబ్బుపడినవాళ్లు, వాళ్లకు మందిచ్చే డాక్టర్లు, ఆ డాక్టర్ల పిల్లల పరీక్షలు అన్నీ పూర్తయ్యేసరికి పులుసు మీద తెట్టు కట్టేది. అన్నయ్య గుంటూరు దగ్గర మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఒక్కరోజు సెలవు చీటీకి రెండు పేజీల జవాబు రాయగలడు. ఇక నేను పంజాగుట్టలో ఒక బీమా ఆఫీసులో ఫిర్యాదుల సీటులో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఎందుకు" అని అడగడం, అడిగినవాళ్లకు జవాబు చెప్పడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక అదే పని జీతం లేకుండా చేస్తాను.

ఇంటర్ అయిన వేసవిలో మా మేనకోడలు పైలట్ అవుతానంది. అన్నయ్య కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. "ముందు డిగ్రీ" అన్నాడు. పైలట్ లైసెన్సుకి డిగ్రీ అక్కర్లేదు నాన్నా, ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ ఉంటే చాలని అది చెప్పింది. "లైసెన్సు ఇచ్చేవాళ్లు అడక్కపోతే నేను అడుగుతున్నా. ఎగిరేవాళ్లు ఎప్పటికైనా కిందికి దిగాలిగా, దిగినప్పుడు నిలబడ్డానికి ఒక డిగ్రీ ఉండాలి" అన్నాడు. ఇక నేను రంగంలోకి దిగాను. మూడు ఆదివారాలు, చర్చి నుంచి రాగానే ఫోను పట్టుకుని అన్నయ్యతో వాదించాను. మేమిద్దరం అలా అరుచుకుంటుంటే ఆ పిల్ల అక్కడ ఒక మూల కూర్చుని కంప్యూటర్లో వెతికి, విమానయానంలోనే బీఎస్సీ ఉందని పట్టుకుంది. రెండేళ్లు క్లాసులు, మూడో ఏడాది మా అమీర్‌పేట పక్కనే, బేగంపేట పాత విమానాశ్రయంలో ఫ్లయింగ్. తండ్రికి డిగ్రీ, కూతురికి రెక్కలు. నేను గెలిచానని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి గెలిచింది మాట్లాడకుండా కూర్చున్న పిల్లే.

అలా ఒక ట్రంకు పెట్టెతో, గోడకు అంటించుకునే మేఘాల పటంతో మా ఇంటికొచ్చింది. అమీర్‌పేటలో ఏ స్తంభానికి చూసినా కోర్సుల బోర్డులే కదా. మా సందు మొగలో ఇడ్లీబండి ఆయన దీన్ని "ఏం కోర్స్ జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగి, "పైలట్" అని ఇది చెబితే, "కొత్తగ వచ్చిందా? డిమాండ్ ఎట్లుంది?" అన్నాడట. ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకున్నాడు పాపం. మొదటి రెండేళ్లు మా ఇల్లంతా వాతావరణ శాస్త్రమే. డాబా మీద నిలబడి పడమటి మబ్బులకేసి చూసి "అత్తా, బట్టలు తీసేయ్" అనేది. నేను "ఎందుకే, ఇంత ఎండ కాస్తుంటే" అని వాదించేలోపల చినుకులు పడేవి. చదువువల్ల ఇంటికి ఉపకారం జరగడం నేను మొదటిసారి చూశాను.

మూడో ఏడు ఫ్లయింగ్ మొదలైంది. రెండు సీట్ల చిన్న విమానం, పక్కన గురువుగారు. రోజూ ఇంటికి రాగానే చేతుల్ని రెక్కల్లా చాచి హాలంతా తిరిగి చూపించేది. మా ఆయన పేపరు ముడిచి పక్కకు జరిగేవాడు. నాకైతే ఆ పిల్ల మీది పెట్రోలు వాసన కూడా మల్లెపూల వాసనలా ఉండేది. అయితే కాలేజీ నిబంధన ఒకటుంది. ఆ టర్ము ముగిసే నెలాఖరులోగా గురువు పక్కన లేకుండా ఒంటరిగా ఒక చుట్టు తిరిగి దిగాలి. దాన్ని సోలో అంటారు. చేసినవాళ్లు ఫ్లయింగుతో డిగ్రీ పూర్తిచేసి లైసెన్సు వైపు వెళ్తారు. చేయనివాళ్లకీ డిగ్రీ వస్తుంది, ఫ్లయింగ్ లేని ఉత్త డిగ్రీ. అన్నయ్య అప్పటికే చెప్పేశాడు. ఉత్త డిగ్రీ అయితే ఇంటికొచ్చి బీఈడీ ఎంట్రన్స్ రాయాలి.

నెలాఖరుకు పది రోజులుందనగా పిల్ల మొహం మాడ్చుకుని వచ్చింది. సంగతి ఇది. విమానం రన్‌వే దగ్గరికి వెళ్లింది. రేడియోలో, విమానాలకు దారి చెప్పే కంట్రోల్ టవర్ నుంచి "ఆగు" అన్నారు. ఇలాంటప్పుడు టవర్ చెప్పినదాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పి, చివర తన విమానం పేరు చెప్పి, ఊరుకోవాలి. విన్నాననడానికి అదే గుర్తు. మా పిల్ల ఏం చేసింది? "సర్, నా ముందు ఏమీ లేదు, ఎందుకు ఆగాలి?" అంది. ఆ క్షణంలోనే పక్క నుంచి ఒక హెలికాప్టర్ గుర్రుమంటూ రన్‌వే దాటింది. గురువుగారు విమానాన్ని వెనక్కి తిప్పి, ఇంజను ఆపేసి, అప్పుడు అడిగారట, "మీ ఇంట్లో ఎవరైనా లాయర్లున్నారా?" అని.

"నువ్వేమన్నావే?" అన్నాను.

"లేరు సర్, మా అత్త ఉంది అన్నాను."

మూడేళ్లు నా ఇంట్లో తిని, నా వాదనలు విని పెరిగిన నాలుక అది. విమానం నడపడం దానికి వచ్చు, గురువుగారే ఒప్పుకున్నారు. కానీ రేడియోలో మాట తిన్నగా లేకపోతే ఒంటరిగా పంపనన్నారు. వారం రోజులు గడువిచ్చారు.

ఆ సాయంత్రమే మా వంటిల్లు కంట్రోల్ టవరైంది. టవర్ నేను. పిల్ల పేరు అమీర్‌పేట వన్. అది బాత్రూముకు వెళ్లాలన్నా నా అనుమతి అడగాలి. "అమీర్‌పేట వన్, ఫ్రిజ్ దగ్గర ఆగు" అంటాను. "ఫ్రిజ్ దగ్గర ఆగుతున్నా, అమీర్‌పేట వన్" అనాలి, అంతే. మొదటిరోజు ఇరవైసార్లు "ఎందుకత్తా" అంది, ఇరవైసార్లు గరిటెతో బల్లమీద కొట్టాను. రెండోరోజు ఆరుసార్లు అంది. మూడోరోజు నేనే కావాలని "అమీర్‌పేట వన్, చెత్తబుట్ట నెత్తిన పెట్టుకుని బాల్కనీకి వెళ్లు" అన్నాను. పళ్లు బిగపట్టి తిరిగి చెప్పింది, వెళ్లింది కూడా. కింది వాటాలో మిషను కుట్టుకునే బల్కంపేట ఆవిడ పైకి చూసి, "ఏందక్కా, పిల్లకు గాలి సోకిందా? పొద్దుగాల్నుంచి నువ్వన్నదే అంటుంది. యెల్లమ్మ తల్లికి మొక్కనా?" అని అడిగింది. మొక్కమన్నాను. మా పాస్టరుగారికి చెప్పలేదు.

ఉన్నమాట చెప్పాలి. ఆ వారం నాకు మహా సుఖంగా ఉండింది. నా మాటను మారుమాట లేకుండా తిరిగి పలికే మనిషిని నేను అప్పటిదాకా ఎరగను. అది చూసి మా ఆయన కూడా చేరాడు. ఇరవయ్యేడేళ్ల కాపురంలో, నేను చెప్పింది విన్నాడో లేదో తెలియని మనిషి, సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి, "కొత్తిమీర ఒక కట్ట, టమాటా అరకిలో, పాలు రెండు పాకెట్లు, అమీర్‌పేట టూ" అన్నాడు. అన్నీ సరిగ్గా తెచ్చాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయంటే నమ్మరు.

ఐదోరోజు ఆదివారం. "అమీర్‌పేట వన్, ఈ మిగిలిన కాకరకాయ కూర తినేసెయ్" అన్నాను. పిల్ల ఒక్క మాట అంది. "అనేబుల్."

"అంటే ఏంటే?"

"చేయలేను అని. పైలట్‌కి ఆ హక్కుంది అత్తా. ఎందుకని అడగకూడదు గానీ, కుదరదనుకుంటే ఆ ఒక్క మాట చెప్పొచ్చు. వాదన ఉండదు. అవతలివాళ్లు వేరే దారి చూపిస్తారు."

ఒక్క మాట! నేను యాభై ఏళ్లు పేజీలకు పేజీలు మాట్లాడి సంపాదించుకోలేనిది ఒక్క మాటలో ఉందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. కూర నేనే తిన్నాను. మర్నాడు అన్నయ్య ఫోను చేశాడు. "బీఈడీ ఎంట్రన్స్ ఫారానికి ఇంక రెండు రోజులే ఉంది. దానిచేత నింపించు. ఎందుకైనా మంచిది" అన్నాడు. నా నోటిదాకా ఒక పేరాగ్రాఫ్ వచ్చింది, దానికి ఉపోద్ఘాతం కూడా వచ్చింది. అన్నీ మింగేశాను.

"అనేబుల్" అన్నాను.

"ఒంట్లో బాగుందా అమ్మాయ్?" అని అడిగాడు అన్నయ్య. బాగుందని చెప్పి పెట్టేశాను.

గడువులో చివరి రోజు పొద్దున్నే పిల్ల వెళ్లింది. ఆ విమానాశ్రయంలోకి మనల్ని రానివ్వరు కాబట్టి ఆఫీసుకు సెలవు పెట్టి డాబా ఎక్కాను. కింది ఆవిడ మెడలో టేపుతోనే పైకొచ్చింది. ఎనిమిదిన్నర దాటాక బేగంపేట వైపు నుంచి తెల్లటి విమానం లేచింది. అందులో ఒకరున్నారో ఇద్దరున్నారో మాకెలా తెలుస్తుంది? చేతిలో ఫోను మోగింది, గురువుగారు దిగిపోయారు, ఒక్కదాన్నే వెళ్తున్నా అని పిల్ల బయలుదేరే ముందు పెట్టిన మెసేజి అప్పుడొచ్చింది. నా కాళ్లు డాబా మీద ఆనలేదు. "గదే గదే! మన పిల్లే!" అని కింది ఆవిడ నీళ్ల ట్యాంకు దిమ్మె ఎక్కేసింది. విమానం హుస్సేన్‌సాగర్ వైపు వంపు తిరిగి, సనత్‌నగర్ షెడ్ల మీదుగా చుట్టు కలుపుకుంటూ వచ్చింది. ఒక్క చుట్టు. ఇక దిగడమే. కిందికి, ఇంకా కిందికి, మెట్రో స్టేషన్ కప్పు వెనక్కి పోయింది. "దిగింది" అన్నాను.

దిగలేదు. అంతలోనే మళ్లీ గాల్లోకి లేచింది.

టవర్ వాళ్లు ఏదో అన్నారు, ఇది "ఎందుకు" అంది, దిగనివ్వలేదు. నా పెంపకమే దాన్ని గాల్లో నిలబెట్టింది. నాకు ఆ క్షణాన ఇంకో ఆలోచన రాలేదు. కింది ఆవిడ యెల్లమ్మను పిలుస్తోంది, నేను ప్రభువును పిలుస్తున్నాను. మా అమ్మ ప్రార్థనలో సగం కూడా లేదు నాది. పిల్లను దించు, అంతే. జీవితంలో నేను చేసిన అతి చిన్న ప్రార్థన అది. రెండో చుట్టు మొదటిదానికంటే పెద్దదిగా కనిపించింది. మళ్లీ వంపు, మళ్లీ సనత్‌నగర్, మళ్లీ మెట్రో కప్పు. ఈసారి లేవలేదు. మేమిద్దరం ఆ దిక్కునే చూస్తూ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, నా ఇడ్లీపిండి పొంగి గట్టు మీదికి వచ్చేసింది.

పదకొండింటికి పిల్ల ఆటో దిగింది, తల నుంచి బూట్ల దాకా తడిసి ముద్దై. సోలో చేసినవాళ్ల మీద తోటి పిల్లలు బకెట్లతో నీళ్లు పోయడం అక్కడి ఆచారమట. జలుబు చేస్తే చెవులు పట్టేస్తాయని ఏడాదంతా నేను ఐస్‌క్రీం తిననివ్వని పిల్ల మీద నీళ్లా అని నోరు తెరిచాను గానీ, దాని మొహం చూశాక మూసుకున్నాను. తువ్వాలుతో తల తుడుస్తూ అడిగాను, "మొదటిసారి ఎందుకు దిగలేదే?"

"గో అరౌండ్ అన్నారు. గో అరౌండ్ అని తిరిగి చెప్పాను. చుట్టి వచ్చాను."

"ఎందుకు చుట్టి రమ్మన్నారట?"

పిల్ల తువ్వాల్లోంచి తల బయటపెట్టి, "అడగలేదు అత్తా" అంది.

డిగ్రీ ఇచ్చిన రోజు అన్నయ్య కోటు వేసుకుని వచ్చాడు. పట్టా చేతికి తీసుకుని, ఫ్లయింగ్ అన్న మాట దగ్గర వేలు పెట్టి, పైకి అక్షరం అక్షరం చదివాడు. చదవడమంటే చదవడం కాదు, తిరిగి చెప్పడమే అది. మా పిల్ల ఆ తర్వాత ఇంకా వందల గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు పెద్ద విమానంలో కెప్టెన్ పక్క సీట్లో కూర్చుని ఊళ్లూ సముద్రాలూ దాటుతోంది. ఒక చుట్టుకు ఏడు నిమిషాలు పడుతుందని తనే చెప్పింది. అది ఎప్పుడో దిగిపోయి ముందుకు వెళ్లిపోయింది. నేను మాత్రం ఆటోలో వెళ్తున్నా, ఆఫీసులో కూర్చున్నా, ఆ రెండో చుట్టు ఏడు నిమిషాల్లోంచి ఈ రోజుకీ కిందికి దిగలేదు.